వాలు విరిగే చోట కట్ట

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్‌సి., అగ్రి.)

మెట్ట పొలములకు కాంటూరు కట్టలు వేయవలెనని మన శాఖవారు చెప్పుట కొత్త కాదు, రైతు సోదరులు వేయుటయు కొత్త కాదు. వేసిన కట్టలలో కొన్ని మొదటి పెద్ద వానకే గండిపడి, కట్ట లేనప్పటికంటె పొలమును ఎక్కువగా కోసివేయుటయు మనము చూచుచున్నదే. గండి పడగానే మట్టి మంచిది కాదందుము, కూలీలు దిమ్మిస సరిగా కొట్టలేదందుము. కొన్నిచోట్ల ఆ మాట నిజమే. కాని గండ్లు పడిన కట్టలను వరుసగా నడచి చూచినవారికి వేరొక సంగతి తోచును. మందమైన వాలు ఏటవాలుగా మారుచోటనో, ఏటవాలు వచ్చి చదును నేలలో కలియుచోటికి కొద్ది ఎగువనో గండ్లు మెండుగా కానవచ్చును. ఈ తావును ‘వాలు విరుపు’ అందము. కట్టల పథకము వేసినవారు ఈ విరుపును లెక్కలోనికి తీసికొనలేదు. సగటు వాలును తీసికొన్నారు.

సగటు వాలుపై కట్టల ఎడము నిర్ణయించు అలవాటును ఇక మానవలెనని నా అభిప్రాయము. విరుపులను ముందుగా వెదకుటకు ఈనాడు కంప్యూటరు సాధనములు ఉచితముగా లభించుచున్నవి గనుక, తెలియలేదను సాకు కూడ లేదు. అయితే ఆ సాధనము గీసిన గీతనెల్ల నమ్మి గునపము పట్టుటయు తగదు.

సగటు చేయు మోసము

ఒక ఉదాహరణ తీసికొందము. గుట్ట మొదలు నుండి వంక వరకు 300 మీటర్ల పొడవున ఎర్రనేల ఉన్నదనుకొనుడు. పై 100 మీటర్లలో నేల 5 మీటర్లు దిగినది, అనగా వాలు 5 శాతము. క్రింది 200 మీటర్లలో దిగినది 2 మీటర్లు మాత్రమే, అనగా 1 శాతము. మొత్తము 300 మీటర్లకు 7 మీటర్ల దిగుడు. సగటు వాలు 2.33 శాతము. ఈ పొలములో 2.33 శాతము వాలుగల జానెడు నేల ఎక్కడను లేదు. అయినను కాగితము మీద పొలమంతయు ఆ వాలుతోనే ఉన్నట్లు వ్రాయబడును.

కట్టల నిలువు ఎడమునకు మన పుస్తకములలో వాడుకలోనున్న సూత్రము తేలికైనదే. వాలు శాతమును మూడుచే భాగించి, రెండు కలిపి, వచ్చినదానిని 0.3 చే హెచ్చించిన మీటర్లలో నిలువు ఎడము వచ్చును. సగటు వాలుకు ఇది సుమారు 0.83 మీటరు, నేలపై కట్టకు కట్టకు నడుమ 36 మీటర్ల దూరము. అదే సూత్రమును నిజమైన వాలులకు వేసి చూడుడు. 5 శాతము వాలుకు నిలువు ఎడము 1.1 మీటరు, దూరము 22 మీటర్లు. 1 శాతము వాలుకు నిలువు ఎడము 0.7 మీటరు, దూరము 70 మీటర్లు. సగటు లెక్కన పై ఏటవాలులో రెండు కట్టలు, క్రింది చదునులో ఆరు కట్టలు పడును. ఉండవలసినది పైన నాలుగు, క్రింద రెండో మూడో. సొమ్ము ఎక్కువ ఖర్చయినది, కట్టలు ఎక్కువైనవి, కావలసినచోట లేవు.

ఇంతటితో పోలేదు. పై కట్టకు 22 మీటర్ల నేల నుండి రావలసిన నీరు 36 మీటర్ల నేల నుండి వచ్చును. ఒకటిన్నర రెట్లకు మించినది. ఆ కట్ట వెనుక నిలుచు నీరు చూడుడు. అడుగు లోతు, అనగా 0.3 మీటరు నీరు నిలిచినచో, 2.33 శాతము వాలులో నీరు వెనుకకు 13 మీటర్ల వరకు ప్రాకును. కట్ట పొడవున మీటరు ఒక్కింటికి సుమారు 1.9 ఘనపు మీటర్ల నీరు పట్టును. 5 శాతము వాలులో అదే అడుగు లోతు నీరు 6 మీటర్లు మాత్రమే వెనుకకు పోవును, పట్టునది 0.9 ఘనపు మీటరు. రాక ఒకటిన్నర రెట్లు, నిలువ సగము కంటె తక్కువ. అటువంటి కట్టకు గండి పడకున్ననే ఆశ్చర్యపడవలెను. పై కట్ట తెగిన నీరు క్రింది కట్టపై ఒక్క పెట్టున పడును గనుక, దానికి గండి పడుటకు దాని తప్పేమియు అక్కరలేదు.

వేగము సంగతి రైతు సోదరులు గుర్తుంచుకొనవలెను. తక్కినవన్నియు సమానముగా ఉన్నప్పుడు వాలు నాలుగింతలైనచో నీటి వేగము రెండింతలగును. వేగము రెండింతలైనచో నేలను కోయు శక్తి నాలుగింతలు, మట్టిని మోసుకొనిపోవు శక్తి 32 రెట్లు పెరుగునని భూసంరక్షణ శాస్త్రము చెప్పుచున్నది. 1 శాతము వాలు 4 శాతమగుట కంటికి పెద్ద మార్పుగా తోచదు. నీటికి అది పెద్ద మార్పే. విరుపు దిగువకు ఉబ్బినదైనచో, అనగా పైన మందము, క్రింద ఏటవాలు అయినచో, వాగుకోత ఆ భుజము దగ్గరనే నోరు తెరచి ఏటికేడు పొలములోనికి ఎగబ్రాకును. విరుపు లోనికి వంగినదైనచో నీరు నెమ్మదించి ఒండ్రు మేట వేయును, తేమ నిలుచును. మొదటి దానికి ఎగువన కట్టయు, రాళ్లు పరచిన మిగులునీటి దారియు కావలెను. రెండవదాని దిగువన సేద్యపు కుంటకు తావు చూచుకొనవచ్చును. రెండింటిని ఒకే గీతగా చూపు పటము పనికిరాదు.

యంత్రము విరుపును ఎట్లు కనిపెట్టును

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటములలో సమోన్నత రేఖలు 20 మీటర్ల అంతరముతో ఉండును. పైన చెప్పిన మన పొలము దిగినది 7 మీటర్లే గనుక, దానిలో ఒక్క రేఖయైనను పడకపోవచ్చును. కావున ఎత్తుల గళ్ల పటమును ఆశ్రయించవలెను. 2000 ఫిబ్రవరిలో అమెరికావారి ఎండెవర్ అంతరిక్షనౌక 11 రోజులు భూమిని చుట్టుచు రాడారుతో కొలిచిన ఎత్తులు 30 మీటర్ల గళ్లలో ఉచితముగా దొరకుచున్నవి. మన దేశము 2005 మే 5 వ తేదీన శ్రీహరికోట నుండి ప్రయోగించిన కార్టోశాట్-1 తీసిన జంట చిత్రముల నుండి తయారైన ఎత్తుల పటము హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారి భువన్ ద్వారా లభించును. 30 మీటర్ల గడి యనగా సుమారు 22 సెంట్లు. మూడెకరముల కమతము పదమూడు పదునాలుగు గళ్లగును. పై ఉదాహరణలోని 100 మీటర్ల ఏటవాలు మూడు గళ్లకు కొంచెము మించును, అంతే. ఈ ముతకదనమును మరువరాదు.

క్యూజిఐఎస్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో ఈ పటమును తెరచి ‘స్లోప్’ అను పనిని ఎంచుకొన్నచో, ఒక్కొక్క గడి ఎత్తును చుట్టునున్న ఎనిమిది గళ్ల ఎత్తులతో పోల్చి వాలును లెక్కకట్టును. వాలు ఎంతయున్నదో తెలిసినది. వాలు ఎక్కడ మారినదో తెలియవలెనన్నచో వాలు పటమునకే మరల వాలు కట్టవలెను. లేదా నీరు దిగు దిశలో నేల వంపును కొలుచు ‘ప్రొఫైల్ కర్వేచర్’ అను పనిని వాడవలెను. మొదటి పద్ధతి విరుపు ఉన్నదని మాత్రము చెప్పును. ఉబ్బో గుంటో చెప్పదు. రెండవది అదియు చెప్పును. కాని ఒక సాఫ్ట్‌వేరులో ఉబ్బుకు ధనసంఖ్య, మరియొకదానిలో ఋణసంఖ్య వాడుదురు. ఊరిలో అందరికి తెలిసిన గుట్టను చూచి గుర్తు సరిపోల్చుకొనని వాడు కట్టకు బదులు కుంట, కుంటకు బదులు కట్ట పెట్టును.

నా మట్టుకు ఈ రంగురంగుల పటములకంటె ఒక నిలువుకోత బొమ్మపై ఎక్కువ గురి. గుట్ట నుండి వంక వరకు పటముపై ఒక గీత గీచినచో ఆ గీత వెంబడి నేల ఎత్తుపల్లములు ప్రక్కన బొమ్మగా వచ్చును. 2022 లో వచ్చిన 3.26 సంచిక నుండి ఈ సదుపాయము క్యూజిఐఎస్‌లోనే ఉన్నది. రంగుల పటమును చూచి రైతు తల ఊపును. నిలువుకోతను చూచి మాటాడును. “ఇది మా మిట్ట, ఇది వంక ఒడ్డు, మరి ఈ మెట్టు ఏమిటి?” అని అడుగును. ఆ ప్రశ్నకే మనము ఎదురుచూడవలెను.

పటములోని అబద్ధపు మెట్లు

అన్నిటికంటె ఎక్కువగా మోసగించునది ఎత్తులను పూర్ణ మీటర్లలో వ్రాయుట. పైన చెప్పిన రాడారు లెక్కలో 412, 413 అనియే ఉండును గాని 412.4 అని ఉండదు. 1 శాతము వాలుగల నేల 100 మీటర్లకు ఒక మీటరు దిగును. కావున మూడు గళ్లు ఒకే ఎత్తు చూపి, నాలుగవది చప్పున ఒక మీటరు తగ్గును. దీనిపై వాలు కట్టినచో 1.67, 1.67, 0, మరల 1.67, 1.67, 0 అని వచ్చును. నున్నగా దిగు నేల యంతయు వంద మీటర్లకొక విరుపుతో మెట్లబావివలె కనబడును. ఈ మెట్లను విరుపులనుకొని కట్టలు వేయుట కంటె సగటు లెక్కయే మేలు. పటములో విరుపులు సమాన దూరములలో, సమోన్నత రేఖల వెంబడి వరుసగా వచ్చినచో అవి నేలవి కావు, అంకెలవి.

దశాంశములతో ఎత్తులనిచ్చు పటములు ఇప్పుడు ఉన్నవి. కోపర్నికస్ పేరుతో ఐరోపావారు ఉచితముగా ఇచ్చు 30 మీటర్ల పటము అట్టిది. సాధ్యమైనచోట దానిని వాడుట మంచిది. ఏ పటము వాడినను ముందుగా కొంత నునుపు చేయవలెను. అనగా ఒక్కొక్క గడికి ఇరుగుపొరుగుల సరాసరి వేయవలెను. ఒక గడిలో ఒక్క మీటరు పొరపాటున్నను పొరుగు గడికి 3.3 శాతము కల్పిత వాలు పుట్టును. రెండుమార్లు లెక్కకట్టినప్పుడు పొరపాటు ఇంకను పెరుగును. మరి ఎక్కువ నునుపు చేసినచో నిజమైన విరుపు కూడ పొగవలె కరగిపోవును. మూడు గళ్ల నునుపుతో ఒకసారి, ఐదు గళ్ల నునుపుతో ఒకసారి చూచి, రెండింటను నిలిచిన విరుపునే నమ్మవలెను. ఇంతకంటె తేలికైన ఉపాయము లేదు.

రెండవది చెట్లు. ఆకాశము నుండి చూచునది నేలను కాదు, నేలపై ఉన్నదానిని. చిత్తూరు ప్రాంతములో మామిడి తోట అంచు, ప్రకాశములో జామాయిలు తోట అంచు గట్టు తెగినట్లు పటములో కనబడును. చెరువు కట్ట, రైలు కట్ట సంగతియు అంతే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన రీసర్వేలో డ్రోనులు ఎగురుట చూచి, ఇక ముతక గళ్ల బాధ తీరినదని కొందరు సంతోషించిరి. డ్రోను గళ్లు నిజముగా సన్ననివి. కాని ఆళ్లెత్తు ఎదిగిన కంది చేను ప్రక్క కోసిన వేరుశనగ చేను ఉన్నప్పుడు డ్రోనుకు ఆ గట్టు ఆళ్లెత్తు విరుపుగానే తోచును. పంటలు కోసిన పిమ్మట, దున్నకముందు తీసిన చిత్రములే ఈ పనికి తగినవి.

మూడవది చిన్నదే గాని పని చెడగొట్టును. దొరకు పటములు తరచు అక్షాంశ రేఖాంశముల డిగ్రీలలో ఉండును. ఎత్తులు మీటర్లలో ఉండును. రెండింటిని కలిపి వాలు కట్టినచో అర్థములేని అంకెలు వచ్చును. పటమును మీటర్ల పద్ధతిలోనికి మార్చవలెను. ఆ పద్ధతిలో మన ప్రాంతము చాలవరకు 44 వ మండలము. అయితే 78 డిగ్రీల రేఖాంశమునకు పడమటనున్న అనంతపురము, ఆదోని, పుట్టపర్తి 43 వ మండలములో పడును. పుట్టపర్తియు కదిరియు ఒకే జిల్లాలో ఉండి వేరువేరు మండలములలో ఉన్నవి. తూర్పు కొసనున్న ఇచ్ఛాపురము 45 లోనిది.

ఎద్దులకు తెలిసినది

యంత్రము తేలికగా కనిపెట్టు విరుపు రైతుకు మునుపే తెలిసినది. అనంతపురము వైపు గుండ్రాళ్ల గుట్టలు చదును నేల నుండి ఒక్కసారిగా లేచియుండును. ఆ గుట్ట మొదలును చూపుటకు ఉపగ్రహమెందుకు? రైతుకు కావలసినది పొలములోపలి విరుపు, ఒక శాతము మూడు శాతమగు తావు. యంత్రమునకు కష్టమైనది కూడ అదే. ఈ సంగతి దాచి, ఉపగ్రహము చూపినదని చెప్పి గ్రామస్థుల నోరు మూయించుట నాకు సమ్మతము కాదు.

ఒక గ్రామములో కట్ట గీత వేయుచుండగా ఒక పెద్దాయన అడ్డము వచ్చి, “ఆడ నిలవదు సార్. ఆడికి రాంగానే ఎద్దుల నడక మారుతాది, ముందుకు తోసినట్ల పోతాయి. ఇంకా పైన ఏయండి,” అనెను. పటములో విరుపు అచ్చటికి ముప్పది మీటర్లు దిగువన ఉన్నది. మట్టము పెట్టి చూడగా ఎద్దులు చెప్పినదే సరియైనది. ఒక గడి తేడా. ఏండ్ల తరబడి నాగలి పట్టిన చేతికి వాలు మారుట తెలియును. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఈ తెలివి తరుగుచున్నది గనుక, తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి పటముపై గుర్తు వేసికొనుట మంచిది.

అయితే పెద్దల కన్ను చాలును, పటము లేకున్నను గడచునను వారితో కూడ నేను ఏకీభవించను. ఎవరి పొలము వారికి తెలియును. పై పొలము నుండి క్రింది పొలము వరకు, ఇరువది కమతముల మీదుగా ఒకే విరుపు సాగిపోవుచున్నదని ఏ ఒక్కరికి తెలియదు. గుట్ట ఎదుట నిలిచినప్పుడు రెండు శాతము వాలు చదునుగానే తోచును. ఆ పొడవైన వరుసను చూపుటలోనే పటము గొప్పతనము. ఎక్కడ నడచి చూడవలెనో అది చెప్పును. నడచుట మన పని.

నడచునప్పుడు పెద్ద పరికరములు అక్కరలేదు. తాపీపనివారు వాడు నీటి లెవెల్ పైపు, రెండు కొలబద్దలు, పది మీటర్ల తాడు చాలును. పటములో విరుపు ఉన్నచోటికి ఎగువన ఏబది మీటర్లు, దిగువన ఏబది మీటర్లు, నీరు దిగు దారి వెంబడి పది మీటర్లకొకసారి దిగుడు కొలిచి వ్రాయుడు. 12, 14, 11, 13 సెంటీమీటర్లు వచ్చి, తరువాత 36, 41, 38 వచ్చినచో పదమూడుకు ముప్పదియారుకు నడుమ విరుపు ఉన్నది. అక్కడ కొయ్య పాతుడు. ఇద్దరు మనుష్యులు ఒక పూటలో రెండు మూడు వరుసలు చూడగలరు.

విరుపు మీద ఎవరి నేల పోవును?

ఇక అసలు చిక్కు. కట్ట అడుగు వెడల్పు రెండు మీటర్లైనచో నూరు మీటర్ల పొడవుకు ఇంచుమించు ఐదు సెంట్ల నేల దాని క్రింద పోవును. సగటు లెక్కలో కట్టలు అందరి పొలములలోను సమాన దూరములలో పడును గనుక ఎవరును నోరెత్తరు. విరుపు లెక్కలో ఏటవాలు మీది రైతు పొలములో నాలుగు కట్టలు పడును, చదునులోని రైతుకు రెండే. గుట్ట ప్రక్క సన్న నేలలున్నది తరచు బీదలకే. నేల పోవునది పై వానిది, ఒండ్రు, తేమ దక్కునది క్రింది వానికి. ఇది న్యాయమా అని పై రైతు అడిగినచో మన యొద్ద జవాబు ఉండవలెను. సగటు లెక్క ఇంతకాలము బ్రతికినది శాస్త్రము తెలియక కాదు, ఈ తగవును తప్పించుకొనుటకేయని నా అనుమానము.

ఈ తగవు కట్ట పడక ముందే సభలో తేలవలెను. అంచనాలు తయారగుటకు మునుపే నిలువుకోత బొమ్మను పెద్దదిగా వ్రాయించి పంచాయతీ గోడపై అంటించవలెనని గ్రామ సర్వేయర్లను, వ్యవసాయ సహాయకులను, విస్తరణాధికారులను నేను కోరుచున్నాను. ఏ పొలములో ఎన్ని కట్టలు, ఎందుకు అన్నది అందరికి కనబడవలెను. కట్టపై వేయు గడ్డి, కంది, ఆముదము పైరైతువే కావలెను. మేట పడిన మట్టిలో కొంత తోలుకొనుటకు అతనికి హక్కు వ్రాసి ఇచ్చినను తప్పులేదు. ఇవి నా సూచనలు. ఊరివారు ఇంతకంటె మంచి ఒప్పందము కుదుర్చుకొనవచ్చును. విరుపును కాగితము నుండి తుడిచివేసి తగవు లేకుండ చేసికొనుట మాత్రము కూడదు, వానకు ఆ కాగితముతో పనిలేదు.

పనికి వేళ వేరుశనగ తీసిన పిమ్మట, వేసవి దుక్కులకు మునుపు. కొయ్యలు పాతిన తరువాత కట్టకు తొందరపడక ఒక మంచి వాన పడనిండు. ఆ వానలో గొడుగు పట్టుకొని కొయ్యల వెంబడి నడచి, నీరు ఎక్కడ పరుగందుకొనుచున్నదో, ఎక్కడ ఎర్రనీరు తేరుకొనుచున్నదో చూచి, కొయ్యలను పైకో క్రిందికో జరిపి, అటుపిమ్మట మట్టి పని మొదలు పెట్టుడు.